సెకండ్‌హ్యాండ్ ఇంజనుకు రంగు కన్నా అక్షరాలే అసలు పని

ఒంగోలు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలో ఉంటున్న బావగారు రెండు పాత హెచ్‌ఓ మోడల్ రైలింజన్లు (అసలు ఇంజనులో 87వ వంతు కొలతవి) పంపారు. ఒకటి అక్కడి సదరన్ పసిఫిక్ రైల్వే పేరున్న, ఆల్కో కంపెనీ ఆర్‌ఎస్‌డి-12 డీజిలు, బూడిద రంగు ఒళ్ళు, ఎర్ర ముక్కు. రెండోది 2-8-2 (ముందు రెండు, మధ్య ఎనిమిది, వెనక రెండు చక్రాల) ఆవిరి ఇంజను, బాయిలరు పోత లోహంతో చేసింది. డీజిల్‌ని దక్షిణ మధ్య రైల్వే డబ్ల్యూడీఎం-2గా, ఆవిరి ఇంజన్ని బిట్రగుంట షెడ్డు బండిగా మార్చాలట. పాత రంగు పూర్తిగా ఊడదీయాలా, మన దగ్గర దొరికే ఏ రంగు వాడొచ్చు, తెలుగు అక్షరాలు ఎలా వేయాలి అని అడిగారు.

డీజిల్ మీద పాత రంగు ఊడదీయొద్దు. పాత పేరు, నంబరు మాత్రం తీసేయండి. మీ ఓపికంతా అక్షరాల కోసం దాచుకోండి. మూడడుగుల దూరం నుంచి చూసేవాళ్ళకి మీ ఎరుపు ఒక పిసరు ముదురో లేతో తెలియదు. నిజం షెడ్డులో కూడా ఎండకు వెలిసిన ఇంజనూ, మొన్న రంగేసుకుని వచ్చిన ఇంజనూ పక్కపక్కన నిలబడితే ఒకే రంగులా కనిపించవు. అక్షరం అలా కాదు. అర మిల్లీమీటరు పెద్దదైనా, కాస్త ఒరిగినా, అది బొమ్మ అని పట్టించేస్తుంది. ఇంజను ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి బదిలీ అయితే రైల్వే వాళ్ళు మొదట మార్చేది షెడ్డు పేరే, రంగు సంగతి తర్వాత ఎప్పుడో. అమెరికాలో కూడా ఒక కంపెనీ ఇంకో కంపెనీ పాత ఇంజన్లు కొన్నప్పుడు పాత పేరు మీద ఒక ముక్క రంగు కొట్టి, కొత్త నంబరు వేసి లైను మీదకి తోలిన సందర్భాలు బోలెడు.

రంగు డబ్బా మూత తీసేముందు ఇంజన్ని పట్టాల మీద నడిపి చూడండి. పాత సరుకులో గ్రీజు గట్టిపడి ఉంటుంది, ఇరుసు మీది ప్లాస్టిక్ పళ్ళచక్రం చిట్లి ఉండొచ్చు. చిట్లితే ప్రతి చుట్టుకూ ఒకసారి ‘టక్’మని ఎగురుతుంది. రెండు వైపులా మెల్లగా ఓ అరగంట నడవని ఇంజనుకు రంగెయ్యడం దండగ. నడిస్తే పై తొడుగు విప్పండి. కొన్నిటికి పక్కల కొక్కేలు, కొన్నిటికి కప్లింగ్ పెట్టె స్క్రూలే తొడుగుని కూడా పట్టుకుని ఉంటాయి. బలవంతం చేయకుండా చూడండి. కిటికీ అద్దాలు, చేతి రాడ్లు, హారను విడిగా తీసి డబ్బాలో వేసి మూత పెట్టండి.

మీ బావగారు తెలిసి పంపారో తెలియక పంపారో గాని, డబ్ల్యూడీఎం-2కి ఆర్‌ఎస్‌డి-12 మంచి ఎంపిక. మన డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో బండే, ఎగుమతి కోసం చేసిన డీఎల్560సీ నమూనా. 1962లో అమెరికా నుంచి మొదటివి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో కట్టారు. ఆర్‌ఎస్‌డి-12కీ దానికీ కింది బోగీలు (చక్రాలు బిగించిన చట్రాలు) ఒకే కుటుంబం, మూడు ఇరుసుల మధ్య దూరం సమానంగా లేని ట్రైమౌంట్ రకం. పొడవు కూడా దగ్గరే. డబ్ల్యూడీఎం-2 17.12 మీటర్లు, హెచ్‌ఓ కొలతలో 87తో భాగిస్తే సుమారు 197 మిల్లీమీటర్లు. ఆర్‌ఎస్‌డి-12 దీనికన్నా ఆరేడు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది, కంటికి ఆనదు. హుడ్డు (ఇంజను యంత్రాల మీది పొడుగాటి కప్పు) తలుపులు, రేడియేటరు, క్యాబ్ (డ్రైవరు గది) కిటికీలు తేడాగా ఉంటాయి. వాటిని కోసి అతికించాలా వద్దా అన్నది మీ ఇష్టం. బఫర్లు (రెండు చివర్లా తాకిడి ఆపే గుండ్రటి గుబ్బలు) మాత్రం పెట్టాలి, అవి లేకపోతే ఏ అక్షరం రాసినా అది మన ఇంజను కాదు. ఇక పట్టాల వెడల్పు సంగతి: మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3 దాకా రావాలి, హెచ్‌ఓ పట్టా 16.5. దాంతో అందరం సర్దుకుపోతున్నాం, మీరూ సర్దుకుపోండి.

పాత పేరు తీసే పద్ధతి. ఫ్యాక్టరీలో ఒంటి రంగు ఆరాక పైన పలచగా అక్షరాలు అచ్చేస్తారు. అందుకే అచ్చు ముందు ఊడుతుంది, కింది రంగు నిలుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కెమికల్ షాపుల్లో, సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. చెవి దూది పుల్లని అందులో ముంచి, పిండి, అక్షరం మీద మెల్లగా రుద్దండి. నాలుగైదు సార్లు రుద్దగానే పుల్ల మార్చండి, లేకపోతే ఊడిన ఇంకునే మళ్ళీ పులుముతారు. ఒంటి రంగు పుల్లకి అంటుకోవడం మొదలైతే ఆపేయండి. డెకాల్ (నీళ్ళలో నానబెట్టి జరిపి అంటించే అచ్చు అక్షరాల పొర) మెత్తబరిచే ద్రావణం ఉంటే అక్షరం మీద కొన్ని నిమిషాలు నిలిపి పెన్సిల్ రబ్బరుతో రుద్దినా వస్తుంది. ఆఖర్న మిగిలిన నీడకి 2000 నంబరు వాటర్ పేపర్ నీళ్ళలో తడిపి ఒకటి రెండు సార్లు లాగితే చాలు. అక్షరం అంచు గట్టులా మిగిలితే పైన కొత్త రంగు వేశాక కూడా ‘సదరన్’ అని చదవొచ్చు. అందుకే వేలితో తడిమి చూడండి, కంటిని నమ్మొద్దు.

మొత్తం ఊడదీయాల్సిన పరిస్థితులు లేకపోలేదు. ముందున్న యజమాని కుంచెతో మందంగా పూసి రివెట్లు, తలుపు గీతలు పూడ్చేసినా, రంగు పొలుసులుగా లేస్తున్నా తప్పదు. అప్పుడు తొడుగు మొత్తాన్ని మూత ఉన్న డబ్బాలో అదే ఆల్కహాల్‌లో నానబెట్టి, అరగంటకోసారి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది చూస్తుండండి. కొన్ని రంగులు గంటలో వస్తాయి, కొన్ని మర్నాటికి గానీ కదలవు. అది పెట్రోల్ లాగే అంటుకునే సరుకు, వంటింట్లో పెట్టొద్దు. పాత కాలం వాళ్ళు బ్రేక్ ఆయిల్ వాడమంటారు. పని చేస్తుంది, కాదనను. కానీ ఎక్కువసేపు ఉంచితే కొన్ని ప్లాస్టిక్‌లు పెళుసెక్కుతాయి, చేతికి మంచిది కాదు, పారబోయడం ఇంకో తలనొప్పి. నేను సిఫారసు చేయను. పెయింట్ షాపు థిన్నరు, గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ మాత్రం తొడుగు దగ్గరికి కూడా రానివ్వొద్దు. రంగు ఊడకముందే ప్లాస్టిక్ కరుగుతుంది.

రంగు వేసేముందు గిన్నెలు కడిగే సబ్బు నీళ్ళతో కడిగి, మంచి నీళ్ళతో తొలిచి, నీడలో ఆరబెట్టండి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు.

ఏ రంగు అంటారా? కార్లకు కొట్టే డ్యూకో రంగు ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆటోనగర్‌లో మీరు కోరిన షేడ్‌లో కలిపి ఇస్తారు. అందుకే అందరికీ దాని మీదికే మనసు పోతుంది. కానీ దాని థిన్నరు ఘాటు ప్లాస్టిక్‌ని తింటుంది. మీరు పాత ఫ్యాక్టరీ రంగు ఉంచుతున్నారు కాబట్టి అదే కొంత రక్షణ, అయినా తొడుగు లోపలివైపు ఒక మూల కొట్టి ఒక రాత్రి వదిలి చూడండి. ముడతలు పడితే మానేయండి. మోడళ్ళ కోసం చేసిన అక్రిలిక్‌లు ఆన్‌లైన్‌లో వస్తాయి, ధర ఎక్కువే గాని ఒక సీసా ఇంజన్లు రెండు మూడింటికి వస్తుంది. మొదటిసారి చేస్తున్నవాళ్ళకి నేను వాటినే చెబుతాను. ఎయిర్‌బ్రష్ అయితే 0.3 మిల్లీమీటర్ల నాజిల్, గాలి 15 నుంచి 20 పీఎస్‌ఐ, గన్ను నాలుగైదు అంగుళాల దూరం. రంగు పాలంత పలచన చేయండి. ఒకేసారి కప్పేయాలని చూడకండి, మొదటి కోటులో కింది రంగు కనబడుతూనే ఉండాలి. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. పసుపు పట్టీ ఉంటే దాని కింద తెలుపు పడాలి, పసుపు ఒంటరిగా దేన్నీ కప్పలేదు. మీ ఇంజను ఎర్ర ముక్కు మీద కూడా ముందు బూడిద ప్రైమర్ ఒక కోటు వేసి మిగతా ఒంటితో కలపండి, లేకపోతే పైన వేసిన రంగు ముక్కు దగ్గర ఒకలా, హుడ్డు మీద ఒకలా తేలుతుంది.

రెండు రంగులు కలిసే గీత దగ్గర మాస్కింగ్ టేపు కింద రంగు పాకుతుందని అందరి ఫిర్యాదు. టేపు అంచు మీద ముందు కింది రంగునే, లేదా రంగులేని వార్నిష్‌ని, పలచగా ఒక కోటు వేయండి. పాకేదేదో అదే పాకి సందు మూసేస్తుంది. తర్వాత పై రంగు. అది పూర్తిగా గట్టిపడకముందే టేపుని వెనక్కి మడిచి దాని మీదుగానే లాగండి.

మన జిల్లాల వాతావరణం గురించి పుస్తకాల్లో రాయరు కాబట్టి ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, మనకి అసలు వానలు అప్పుడే. ఆ తేమలో డ్యూకో, లేకర్ రకం స్ప్రేలు కొడితే థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తడి దాని మీద చేరుతుంది, రంగు తెల్లగా మసకబారుతుంది. మా దగ్గర కార్ల పెయింటరు ఒకాయన ముసురు పట్టిన రోజు గన్ను ముట్టుకోడు. ‘అబ్బయ్యా, ఈ పొద్దు కొడితే తెల్లగా ఎత్తుకుంటది’ అంటాడు. దీనికి పూర్తిగా వ్యతిరేకం రోహిణి కార్తె. ఆ ఎండల్లో రంగు గన్ను నుంచి ఇంజను దాకా వచ్చేలోపే ఆరి, పొడిపొడిగా పడి, గరుకు తేలుతుంది. అప్పుడు తెల్లవారుజామున కొట్టాలి, లేదా ఆరడం ఆలస్యం చేసే రిటార్డరు రెండు చుక్కలు కలపాలి. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా పొద్దు బాగా ఎక్కాక, మంచు తేమ పోయాక చేసుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

ఇక అక్షరాలు.

కొలతతో మొదలుపెట్టండి. మీకు నచ్చిన ఒక ఇంజను, ఒక సంవత్సరం ఎంచుకుని దాని ఫోటో సంపాదించండి. ఒకే తరగతి ఇంజన్లకి షెడ్డుని బట్టి రంగులు, అక్షరాల చోటు మారతాయి, కాబట్టి ‘డబ్ల్యూడీఎం-2 రంగు ఏది’ అన్న ప్రశ్నకి జవాబు లేదు, ‘ఈ నంబరు రంగు ఏది’ అన్నదానికే ఉంది. పక్కనుంచి తిన్నగా తీసిన ఫోటో కావాలి. డబ్ల్యూడీఎం-2 కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. ఫోటోలో చక్రం ఎంతుందో, అంకె ఎత్తు ఎంతుందో స్కేలుతో కొలిస్తే నిష్పత్తి వస్తుంది. చక్రంలో నాలుగో వంతు ఎత్తున్న అంకె అసలు 273 మిల్లీమీటర్లు, మోడల్ మీద 3.1 మిల్లీమీటర్లు. అరిగిన చక్రమైతే కొంచెం తేడా వస్తుంది, మన కొలతకి అది లెక్కలోది కాదు.

ఈ లెక్క వేశాక తెలుగు దగ్గర చిక్కు బయటపడుతుంది. ‘దక్షిణ మధ్య రైల్వే’ అని పూర్తిగా రాయాలంటే క్ష, ధ్య, ల్వే మూడింటికీ ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే పట్టీలో తెలుగు ఇరికిస్తే అసలు అక్షరం సగానికి కుదించాల్సి వస్తుంది, ఆ సైజులో ఒత్తులు ఇంకుతో పూడిపోయి మచ్చలవుతాయి. అందుకే ‘ద.మ.రే’ అని పొట్టిగా ఉన్న ఇంజను ఫోటో ఎంచుకోండి. ఒక్క ఒత్తు లేదు, రెండు మిల్లీమీటర్ల ఎత్తులో కూడా చదవొచ్చు. 2019లో ప్రకటించిన విశాఖ రైల్వే జోను పేరు వేసుకోవాలని ముచ్చటపడే కుర్రాళ్ళకీ ఇదే సలహా: ‘దక్షిణ కోస్తా’లో క్ష, స్తా రెండూ ఉన్నాయి, పొట్టి పేరుతో సరిపెట్టుకోండి.

ఫైలు తయారుచేసేటప్పుడు ఇంకో తిరకాసు. మన డీటీపీ సెంటర్లలో చాలామంది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేస్తారు. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపింది అక్కడ తెరిస్తే చుక్కలూ పెట్టెలూ వస్తాయి. వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ చేతే మళ్ళీ టైపు చేయించండి. ఇంట్లో మీరే చేస్తే అక్షరాలని గీతలుగా మార్చి పీడీఎఫ్ చేసి ఇవ్వండి. సన్నటి పొల్లులున్న అలంకారపు ఫాంట్ వద్దు, నిండైన, ఒకే మందం గీత ఉన్నది తీసుకోండి. షెడ్డు పెయింటరు చెక్కబద్ద, కుంచె పట్టుకుని రాసిన అక్షరానికి అదే దగ్గర.

అసలు సమస్య తెలుపు. మామూలు ఇంక్‌జెట్టూ లేజరూ తెలుపు అచ్చేయవు, మన ఇంజన్ల మీద అక్షరాలేమో ఎక్కువగా తెలుపో పసుపో. తెల్ల డెకాల్ కాగితం మీద అక్షరం చుట్టూ ఇంజను రంగు అచ్చేసి అతికించమని కొందరంటారు. ఆ రంగు మీ గన్ను రంగుతో ఎన్నటికీ కలవదు, చుట్టూ పెట్టె గీసినట్టుంటుంది. రేడియం షాపులో స్టిక్కరు కోయించడం ఇంకో దారి. 4 మిల్లీమీటర్ల అంకెల దాకా పరవాలేదు, అంతకన్నా చిన్నవి కత్తికి లేచిపోతాయి, పైగా స్టిక్కరు మందం పక్కనుంచి కనిపిస్తుంది. రేడియం షాపుని నేను వేరే పనికి వాడతాను: అక్షరం చోట ముందు తెలుపు కొట్టి, కోసిన అక్షరాలు దాని మీద అంటించి, పైన ఒంటి రంగు కొట్టి, స్టిక్కరు తీసేస్తే తెల్ల అక్షరం రంగులోంచి బయటపడుతుంది. పెద్ద నంబర్లకి దీన్ని మించింది లేదు.

చిన్న అక్షరాలకి నా జవాబు శుభలేఖల స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళు. వాళ్ళ దగ్గర గట్టి తెలుపు, పసుపు ఇంకులు సిద్ధంగా ఉంటాయి. పారదర్శకమైన వాటర్‌స్లైడ్ డెకాల్ కాగితం మీరు కొని తీసుకెళ్ళండి. మీ ఫైలుకి ఫిల్మ్ తీయించి, వాళ్ళ దగ్గరున్నవాటిలో సన్నటి మెష్ మీద తెర తయారు చేయమనండి. ఒక మిల్లీమీటరు ఎత్తు కన్నా చిన్న అక్షరం అడగొద్దు, రాదు. ఒక్క షీటు కోసం వాళ్ళు మొహం చిట్లిస్తారు, అది సహజం. అందుకని ఒకే షీటులో నంబర్లు 0 నుంచి 9 దాకా పలు సైజుల్లో, షెడ్డు పేర్లు, ద.మ.రే, కోచ్‌ల ఓవర్‌హాల్ తేదీలు అన్నీ కుక్కి ఒకేసారి పది షీట్లు తీయించండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో పోతే పలకరించరు, మూఢం రోజుల్లో పోండి.

డెకాల్ అంటించేముందు ఇంజనుకి మెరిసే వార్నిష్ తప్పనిసరి. మ్యాట్ రంగు ఉపరితలం గరుకు, ఆ గుంతల్లో గాలి చిక్కుకుని డెకాల్ చుట్టూ వెండిలా తళుక్కుమంటుంది. తర్వాత ఎన్ని తంటాలు పడినా అది పూర్తిగా పోదు. అక్షరానికి వీలైనంత దగ్గరగా కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళలో అర నిమిషం ఉంచి, జరిపి, దూది పుల్లతో నీళ్ళు లాగేయండి. డెకాల్‌ని ఒంటికి అతుక్కునేలా చేసే సెట్టింగ్ ద్రావణం లేకపోతే తెల్ల వెనిగర్ సగం నీళ్ళు కలిపి వాడినా కొంత పని జరుగుతుంది. స్క్రీన్ ఇంకు మీద ఘాటు ద్రావణం పడితే కొన్నిసార్లు అక్షరం కరుగుతుంది, ముందు ఒక పనికిరాని ముక్క మీద చూసుకోండి. వరస తిన్నగా రావడానికి క్యాబ్ కింది అంచుకి సమాంతరంగా టేపు అంటించుకుని దాని మీద ఆనించండి. ఆరాక తడిగుడ్డతో తుడిచి, పైన మ్యాట్ వార్నిష్ దూరం నుంచి పొడిపొడిగా రెండు సార్లు. మొదటి కోటే తడిసేలా కొడితే డెకాల్ ముడుచుకుంటుంది.

ఆవిరి ఇంజను గురించి ఎక్కువ చెప్పేది లేదు, నలుపుకి నలుపే. బాయిలరు జింకు పోత కాబట్టి కాస్టిక్ సోడా తగలనీయొద్దు, లోహాన్నే తినేస్తుంది. ముందు ఎక్కడైనా సన్నటి పగుళ్ళు, ఉబ్బు ఉన్నాయేమో చూడండి. పాత జింకు పోతల్లో మలినాల వల్ల లోహం లోపల్నుంచే పొడి అయిపోయే జబ్బు ఒకటుంది, దానికి మందు లేదు. బాగుంటే లోహం ప్రైమరు వేసి నలుపు కొట్టండి. అచ్చమైన నలుపు వద్దు, కొంచెం బూడిద కలపండి. అమెరికా బొమ్మ మన డబ్ల్యూజీ (బ్రాడ్‌గేజ్ గూడ్సు ఆవిరి ఇంజను) అవదు గాని చక్రాల అమరిక అదే, డబ్ల్యూజీలు 1950 నుంచి 1970 దాకా 2,450 వచ్చాయి.

దాని టెండరు (వెనకుండే బొగ్గు, నీళ్ళ బండి) మీద ఏం రాయాలన్నది మీరు అనుకునే సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. బిట్రగుంట 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాకే ఆ జోను కిందకి వచ్చింది. అంతకుముందు 1951 ఏప్రిల్ 14 నుంచి దక్షిణ రైల్వే. అంతకన్నా వెనక్కి పోతే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1980 ప్రాంతానికి మన మెయిన్ లైనుకి కరెంటు తీగలు వచ్చేశాయి. మీ మోడల్ రైలు లేఅవుట్‌లో తీగల స్తంభాలు పెట్టే ఉద్దేశం ఉంటే ఈ రెండు ఇంజన్లనీ పక్కపక్కన నిలబెట్టే ఏడాది జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1970ల మొదట్లో పెట్టుకుంటే స్తంభాలు అక్కర్లేదు, ఆవిరీ డీజిలూ రెండూ ఉంటాయి, రెండిటి మీదా ద.మ.రే అన్న ఒకే డెకాల్ షీటు సరిపోతుంది.

అంతా అయ్యాక చక్రాల మీద, కరెంటు అందుకునే రేకుల మీద పడిన రంగు తుడవడం మరవకండి. ‘రంగేశాక ఇంజను నడవట్లేదు’ అని వచ్చే ఫోన్లలో సగానికి పైగా కారణం అదే. మీరు ఎంచుకున్న ఇంజను నంబరు, ఏడాది, పక్కనుంచి తీసిన ఫోటో పెట్టండి. అక్షరాల ఎత్తు లెక్కగట్టి చెబుతాను. నా స్క్రీన్ ఫైలులో ఆ సైజు ఉంటే మీరు మళ్ళీ ఫిల్మ్ తీయించే పని కూడా తప్పుతుంది.